స్పీకరు మీద తువ్వాలు

తువ్వాలు ఇచ్చింది గిటారు తుడుచుకోమని అంతోనీ, స్పీకరు నోరు మూయమని కాదు.

కూచో. బల్ల ఖాళీగానే ఉందిగా, నిలబడి ఏం చేస్తావు. మీ మాస్టారు లోపల గాజుగదిలో ఉన్నారు, మన మాటలు ఆయనకి చేరవు. ఆ తలుపు చూడు, బ్యాంకు లాకరు తలుపంత మందం. బయటి చప్పుడు లోపలికి పోకుండా కట్టారట. చెవులు పరీక్ష చేయాలంటే అంత నిశ్శబ్దం కావాలట మరి.

నిన్ను పటమట దాకా పిలిపించింది కోప్పడటానికి కాదు. కోపం లేదని అనను. ఉంది. అదొక్కటే అయితే ఫోన్లోనే తిట్టేదాన్ని.

మొన్న ఆదివారం మీ చర్చి పండగ. మమ్మల్నిద్దర్నీ రమ్మని నువ్వే పిలిచావు. ఇబ్రహీంపట్నం నుంచి కారు పంపించావు. నీ చేతిలో గిటారు ఆయన చేసింది, నీ వెనక వాల్వు ఆంప్లిఫయరు ఆయన కట్టింది. తను చేసిన సామాను పదిమందిలో మోగుతుంటే వినటానికి ఆయన ఎక్కడికీ వెళ్ళరు, నీకు తెలుసు. భవానీపురంలో మా కింద గదిలో వాయించి చూసి ఇచ్చేస్తారు, అంతటితో సరి. ఈసారి వస్తానన్నారు. ఇస్త్రీ చొక్కా అడిగి మరీ వేసుకున్నారు. పిలిచిన మనిషి వస్తే ఆ తువ్వాలు కంటబడుతుందని నీకు తట్టలేదా?

మర్చిపోయావా. అవున్లే. ఏళ్ళ తరబడి కట్టి ఉంచితే, అది ఆంప్లిఫయరుతో పాటే వచ్చిందనుకుని ఉంటావు.

ఆయన చూశారు. పెడనలో మా మరిది మగ్గం మీద నేసిన తువ్వాలు, అంచున ఎర్ర గీత. మా దగ్గర గిటారు చేయించుకున్న ప్రతివాళ్ళకీ ఒకటి పెట్టి ఇస్తాం కదా, అది. మడతల మీద మడతలు వేసి స్పీకరు ముందు బిగించి కట్టి ఉంది. ఆయన స్టేజీ ఎక్కి, ముడి విప్పి, దులిపి, నీటుగా మడిచి భుజాన వేసుకున్నారు. వంగి మీటలు చూశారు. సన్న మోత పెంచే ఆ ట్రెబుల్ మీట పక్కన ఆయన నా గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెడతారు, ముల్లు అక్కడ నిలవాలని. నీది సున్నా దగ్గర ఉంది. దాన్ని తిప్పి చుక్క మీదికి తెచ్చారు. నీ వంక చూసి, ఇక కానీ అన్నట్టు తల ఊపారు.

నువ్వు వాయించావు.

నేను ముందు వరసలో మీ అమ్మ శౌరమ్మగారి పక్కన ఉన్నాను. మొదటి తీగ మోగగానే శౌరమ్మగారు పైటచెంగు చెవికి అడ్డం పెట్టుకున్నారు. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఫాదరుగారు పుస్తకంలోంచి తలెత్తి చూశారు. స్టీలు పళ్ళెం మీద మేకుతో గీసినట్టుంది అంతోనీ, అదీ చర్చి అంత పళ్ళెం. మీ మాస్టారు మాత్రం స్పీకరు పక్కనే నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఆ మొహంలో అంత వెలుగు చూసి నాకెన్నాళ్ళయిందో. నువ్వు ఆపలేదు. చరణాలన్నీ వాయించావు. అయ్యాక మీ అమ్మ ఆయన దగ్గరికి వచ్చి, చాలా బాగుంది బాబూ, దేవుడు నీ చేతుల్ని దీవించాలి అన్నారు.

చేతుల్నే. చెవుల మాట ఎవరూ ఎత్తలేదు.

తిరిగొస్తుంటే కారులో అడిగారు, "తువ్వాలు ఎందుకు కట్టారంటావు రాజేశ్వరీ?" అని. దుమ్ము పడకుండానేమో అన్నాను. వంతెన దాటేదాకా ఆలోచించి, "అవును, అక్కడ బొగ్గు కరెంటు ప్లాంటు ఉందిగా, గాలిలో బూడిద ఉంటుంది. అంతోని జాగ్రత్త గలవాడు" అన్నారు.

విన్నావా. నువ్వు జాగ్రత్త గలవాడివట.

అదిగో, మొదలుపెట్టారు. ఇటు జరుగు, కనపడుతుంది. చెవులకి హెడ్‌ఫోను పెట్టి, చేతికి బటన్ ఇచ్చారు. కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. ఆయన నొక్కితే పరీక్ష చేసే ఆ అమ్మాయి ముందున్న పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతుంది. వెలిగింది చూశావా. మళ్ళీ వెలిగింది. ముందు లావు కూతలు వేస్తారట, లారీ హారన్ లాంటివి. వాటికేం, ఆయనకి ఇప్పటికీ బ్రహ్మాండంగా వినపడతాయి. సన్న కూతల సంగతే చూడాలి.

ఇక్కడికి రమ్మంటే వచ్చే మనిషా? చెవిలో గులిమి పేరుకున్నట్టుంది, తీయించుకుందాం అని తీసుకొచ్చాను. డాక్టరుగారు లైటు వేసి చూసి, చెవులు అద్దంలా ఉన్నాయమ్మా, గులిమి లేదు, లోపలి నరం సంగతి చూడాలన్నారు. ఏం పని చేస్తారని అడిగారు. చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు. చీటీ మీద ఏదో గీకి ఈ గది చూపించారు.

అవి ఎలాంటి చెవులో నీకు తెలియదు. నువ్వు మా ఇంటికి రావటం మొదలుపెట్టేసరికే వాటి మంచిరోజులు అయిపోతున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఈయన గవర్నరుపేటలో పుల్లయ్యగారి మైకుసెట్టు షాపులో పని. అప్పట్లో మైకుసెట్లన్నీ వాల్వులవే. బల్బుల్లా వెలుగుతాయి, వేడెక్కితేగానీ పలకవు. ఓసారి ఎవరిదో పెళ్ళికి వెళ్తున్నాం. పందిరి ఇంకా వీధి చివర ఉంది. ఈయన రిక్షాలోంచే, ఆ సెట్టులో రెండో వాల్వు చచ్చిపోతోంది అన్నారు. మేం అక్షింతలు వేస్తుండగా మైకు ఆగిపోయింది. పుల్లయ్యగారు పదిమందికీ చెప్పుకునేవారు, మా వేణుగోపాల్ ఉంటే మీటరు దండగ అని.

తర్వాత వాల్వుల కాలం పోయింది, షాపు మూసేశారు. ఈయన గిటార్ల మీద పడ్డారు. నూజివీడు వెళ్ళి వీణలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన పనసచెక్క తెచ్చేవారు. గిటారు ఒళ్ళు దాంతో. ఇంకో కొన్నేళ్ళకి మళ్ళీ మీ వాయించేవాళ్ళకే వాల్వుల మీద మోజు పుట్టింది. పాతకాలం మోత కావాలి, పాతకాలం పెట్టె కావాలి. అప్పుడు చూడాలి ఈయన్ని. ఊళ్ళో ఎవరు వాల్వు ఆంప్లిఫయరు కొనాలన్నా ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఈయన షాపులోకి వెళ్ళి పెట్టెకి వీపు తిప్పి నిలబడతారు. మొహం చూసి కొనకూడదురా, వెనక్కి తిరిగి వినాలి అంటారు. నిన్నూ అలాగే నిలబెట్టారుగా.

కింద గదిలో ఎవరైనా వాయించి చూస్తుంటే, మొదట్లో ఈయన వీధరుగు మీద కూచుని వినేవారు. దూరం నుంచి వింటేనే నిజం తెలుస్తుందని. కొన్నాళ్ళకి గుమ్మంలోకి వచ్చారు. తర్వాత బల్ల దగ్గరికి. నేను మేడమీద వంట చేసుకుంటూ, ఈమధ్య శ్రద్ధ ఎక్కువైందిలే అనుకున్నాను. ఓ రోజు టీ ఇవ్వటానికి దిగితే, స్పీకరుకి చెంప ఆనించి కూచుని ఉన్నారు. పిల్లాణ్ణి నిద్రపుచ్చేవాళ్ళలా.

కుక్కరు విజిల్ వినపడదు. నేను వంటింట్లో లేకపోతే పప్పు మాడిపోయేది. పని ధ్యాసలో ఉన్నారులే అనుకున్నాను. ఓ వానాకాలం రాత్రి అరుగు మీద కూచున్నాం. ఏటివైపు నుంచి కీచురాళ్ళ రొద, మాటలు వినపడనంత. ఈయన నిట్టూర్చి, "కీచురాళ్ళు కూడా పోయాయి చూశావా. అరటితోటల్లో మందులు కొట్టి కొట్టి చంపేశారు" అన్నారు. ఎంత బాధగా అన్నారో. నేనూ అవునండీ అన్నాను. ఆ రొదలో నా అవును నాకే సరిగా వినపడలేదు.

నవ్వొస్తోందా? నవ్వు. నాకూ వచ్చింది, తర్వాత లోపలికి వెళ్ళి కూచున్నాను.

లైటు ఇంకా వెలుగుతోంది. కాస్త ఆలస్యంగా వెలుగుతోంది, గమనించావా.

ఆయనకి మోత మొద్దుబారుతోందని తెలుస్తోంది. తెలియక కాదు. తనలో అనుకోరు, సామాన్లలో అనుకుంటారు. మొదట వాల్వుల్ని తిట్టారు, ఇప్పుడొచ్చేవాటిలో సరుకు లేదని. తర్వాత పనసచెక్క పచ్చిదన్నారు. ఆ తర్వాత మా వీధి కరెంటు బాగాలేదన్నారు. ఇవన్నీ అయ్యాక పికప్పు తీగ మీద పడ్డారు. అది నా పని. గిటారు తీగల కింద అయస్కాంతాలకి రాగితీగ చుట్టేది నేనే, మా అత్తగారు పెడనలో కండెలు చుట్టిన రాట్నం మీద. వెంట్రుక కన్నా సన్నం తీగ, చెయ్యి తెలిసినవాళ్ళకే నిలుస్తుంది. చుట్లు ఎక్కువైతే గొంతు బరువు, తగ్గితే పదును. తగ్గించమన్నారు, తగ్గించాను. ఇంకా తగ్గించమన్నారు. ప్రతి గిటారుకీ కాస్త కాస్త. ఆయన చెవులు ఎంత దూరం జరిగాయో నా వేళ్ళకి తెలుస్తూనే ఉంది అంతోనీ, డాక్టరు చెప్పేదేముంది.

ఓసారి చెప్పకుండా చుట్లు పెంచి ఇచ్చాను. బిగించి మీటగానే మొహం ముడుచుకుని, "ఇదేమిటి, గొంతుకి దుప్పటి కప్పినట్టుంది. విప్పెయ్" అన్నారు. విప్పేశాను.

మీరెందుకు చెప్పలేదని నన్నడుగుతున్నావా? చెప్పటానికి ఒకడు వచ్చాడుగా. ఆ సిద్ధార్థ, కానూరులో ఇంజినీరింగు చదివే కుర్రాడు. మంచి చెయ్యి. వాడి గిటారు తయారైన రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. వాడు కాసేపు వాయించి, ఆపి, "సార్, పైతీగలు మీటుతుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఈయన వాణ్ణి ఎగాదిగా చూసి, "పొద్దున లేస్తే చెవుల్లో ఆ తెల్ల పుల్లలు పెట్టుకుని తిరిగేవాడివి, పైతీగ ఎలా పలకాలో నాకు చెబుతున్నావా" అన్నారు. వాడు, నేను చెప్పేది నిజమే సార్ అంటాడు. అప్పుడు నీ వంక తిరిగారు. గుర్తుందా? "ఏం అంతోనీ, నువ్వు చెప్పు, ఎలా ఉంది?"

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. నువ్వు ఒక్క మాట అంటే చాలు. పెట్టెకి వీపు తిప్పి నిలబడటం ఆయన దగ్గర నేర్చుకున్నవాడివి. నీ మాట ఆయనకి వేరు.

"కుర్రాడికేం తెలుసు మాస్టారూ, గంటలా ఉంది."

అన్నావా లేదా? ఆయన ఆ గిటారు వాడి చేతుల్లోంచి తీసుకుని గోడకి తగిలించారు. ఇంకా అక్కడే ఉంది. నువ్వు వాడి వెనకాలే బయటికి వెళ్ళావు. వాడు రాత్రికి నాకు ఫోను చేశాడు. ఆంటీ, నేను సార్‌ని బాధపెట్టాను, సారీ చెప్పండి, అంతోని అన్న తువ్వాలు సంగతి నాకు ముందే చెప్పి ఉంటే నోరు తెరిచేవాణ్ణి కాదు అన్నాడు. తువ్వాలు సంగతేమిటి బాబూ అన్నాను. అదేనండీ, సార్ దగ్గర చేయించుకున్నవాళ్ళందరూ ట్రెబుల్ సున్నాకి దించి, మీరిచ్చే తువ్వాలు స్పీకరుకి కట్టి వాయిస్తారట కదా, అలా కడితే ఆ ఆంప్లిఫయరుని మించింది లేదట కదా అన్నాడు.

అందరూనట. గుడివాడ అతను, తెనాలి అతను, మీ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రావాళ్ళు. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఆయనకి తప్ప.

పెద్దాయన మనసు నొప్పించటం దేనికని. అదేగా? తెలుసు. మీరంతా మంచివాళ్ళు. మంచివాళ్ళు కాబట్టి ఆయన ఇన్నాళ్ళూ ప్రతి గిటారుకీ ఇంకాస్త పదును పెట్టుకుంటూ వచ్చారు. ఎవరో ఒక చెడ్డవాడు మొదట్లోనే, మాస్టారూ మీ చెవులు పోతున్నాయి అని ఉంటే, ఆ స్పీకరుకి చెంప ఆనించటం మానేసేవారేమో. ఉన్నవన్నా మిగిలేవేమో. ఇప్పుడు అనుకుని ఏం లాభంలే.

లైటు చూడు.

వెలగటంలేదు. ఆ అమ్మాయి మీట తిప్పుతూనే ఉంది. సన్న కూతలకి వచ్చినట్టుంది. ఇంకా పెంచుతోంది. ఆయన్ని చూడు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, బొటనవేలు బటన్ మీద పెట్టుకుని. పాత రోజుల్లో అరుగు మీద అలాగే కూచునేవారు.

ఇంకా మొదలుపెట్టలేదనుకుంటున్నారు అంతోనీ. ఓపిగ్గా కూచున్నారు.

ఇందాక అడిగానా అమ్మాయిని, పోయినవి తిరిగొస్తాయా అని. రావు ఆంటీ అంది. చెవిలో మిషను పెడితే మాటలు తెలుస్తాయట. వాయిద్యాలకి అది చాలదట. టీవీ సౌండు తగ్గించుకోవచ్చు కదా అంది, నన్ను ఊరడించటానికి.

నిన్నెందుకు రమ్మన్నానో ఇప్పుడు చెబుతాను. డాక్టరు చెబితే ఆయన నమ్మరు. డాక్టరుకి గిటారు గురించి ఏం తెలుసంటారు. నేను చెబితే, నీకు వంటిల్లు తప్ప ఏం తెలుసంటారు, ఆ తీగలన్నీ చుట్టింది నేనే అయినా. నువ్వు చెబితే నమ్ముతారు. ఆయన బయటికి రాగానే పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెప్పు. తువ్వాలు బూడిద కోసం కాదు మాస్టారూ అని మొదలుపెట్టు, మిగతాది అదే వస్తుంది. కోప్పడతారు. నీ గిటారు కూడా లాక్కుని గోడకి తగిలిస్తారేమో. తగిలించనీ. ఇంత చెవి మిగిలి ఉండగానే ఆపితే, మనుషుల మాటలన్నా దక్కుతాయి. నా మాట కాకపోతే మనవరాలి మాట. లేకపోతే ఆ పెట్టెకి చెంప ఆనించి ఆనించి అది కూడా పోగొట్టుకుంటారు.

తల దించుకోకు. చెబుతావా?

తలుపు తీశారు. వస్తున్నారు. లే అంతోనీ, నేను ఇటు జరుగుతాను.

ఏమండీ, అయిపోయిందా? ఏమైంది?

విన్నావా అంతోనీ, మీ మాస్టారు ఏమంటున్నారో. ఆ హెడ్‌ఫోను పాడైపోయిందట. ట్రెబుల్ బొత్తిగా రావటంలేదట. పాపం ఆ అమ్మాయికి తెలియక, సగం పరీక్ష ఖాళీగా కూచోబెట్టిందట. ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి రేపటికి బాగుచేసి తెస్తానంటున్నారు. నిన్నే అడుగుతున్నారు, పెద్ద ఆసుపత్రి పెట్టుకుని ఇలాంటి సామాను వాడతారేమిటని.

చెప్పు.

చెప్పు అంతోనీ, నీకోసమే చూస్తున్నారు.

ఆ. "ఆసుపత్రి సామాను అంతే మాస్టారూ." బాగా చెప్పావు.

వెళ్ళారులే, ఆ అమ్మాయి దగ్గరికి. నువ్వు నా వంక చూడనక్కర్లేదు. అటు చూడు, హెడ్‌ఫోను వెలుతురుకి పెట్టి ఆ పిల్లకి ఎక్కడ తెగిందో చూపిస్తున్నారు. ఆ పిల్ల తల ఊపుతోంది. అవును సార్ అంటున్నట్టుంది. మొన్న మొన్న ఉద్యోగంలో చేరినట్టుంది, అప్పుడే నేర్చుకుంది.

రేపు నీ ఆంప్లిఫయరూ గిటారూ తెమ్మన్నారుగా. ఆదివారం విన్నాక ఒక్క లోటు తోచిందట, కొంచెం పదును చాలలేదట. తీసుకురా. తీగ విప్పి చుట్లు తగ్గించి ఇస్తాను. గంటలా ఉందని నువ్వంటావు, కాఫీ తాగి వెళ్తావు.

ఆయన భుజాన వేసుకొచ్చిన తువ్వాలు ఉతికి ఆరేశాను, అది ఇవ్వనులే. పలచబడింది. నీకు కొత్తది ఇస్తాను. మా మరిది ఈమధ్య దట్టంగా నేస్తున్నాడు. నేనే చెప్పాను, ఆ సిద్ధార్థ ఫోను చేసిన మర్నాడు. గిటారు తుడుచుకునేదానికి అంత దట్టమైన తువ్వాలెందుకొదినా అని మా మరిది అడిగాడు. మీలో ఒక్కళ్ళూ అడగలేదు.

ఆటో పిలువు, ఎండెక్కుతోంది. రేపు రెండు ఇస్తాను. ఒకదాని మీద ఒకటి కట్టుకో.